ఫిలిప్ దీవిల ఎనిమిది రోజులు: దేవరకొండ నుండి బీచ్ మిషన్‌కు

అందరికీ వందనాలు. ఆస్ట్రేలియా పోయి వచ్చినంక చాలా మంది అడుగుతున్నరు, ఏం చేసినవ్, ఏమేం చూసినవ్, ఫొటోలు పెట్టవేంది అని. ఫొటోలు ఎందుకు లేవో మధ్యల చెప్త. రోజూ రాత్రి పండుకునే ముందు నోట్‌బుక్‌ల నాలుగు లైన్లు రాసుకున్న, అవి చూసుకుంట ఇది రాస్తున్న.

మాది దేవరకొండ పక్కన పల్లె. మా చర్చి ఎంబీ చర్చి, అంటే మెన్నోనైట్ బ్రదరెన్. పదేండ్ల సంది సండే స్కూల్ చెప్తున్న, ఎండాకాలంల వీబీఎస్ (సెలవులల్ల పిల్లలకు పెట్టే బైబిల్ బడి) వస్తే ఆ పది రోజులు మా ఇంట్ల వంట కూడ సరిగ ఉండదు. అక్క, బావ, చిన్నోడు మెల్‌బోర్న్‌ల ఉంటరు. అక్క రెండేండ్ల నుండి పిలుస్తుంది, క్రిస్మస్‌కు రావే, మా చర్చోళ్ళు సెలవులల్ల బీచ్ మిషన్ చేస్తరు, నీకు బాగ నచ్చుతది అని. ఇక్కడి లెక్క కాదు, డిసెంబర్ జనవరి అంటే వాళ్ళకు నడి ఎండాకాలం, స్కూళ్ళు కాలేజీలు అన్నీ బంద్, జనమంత టెంట్లు కార్ల మీద ఏస్కొని సముద్రం ఒడ్డుకు పోయి వారం పది రోజులు అక్కడే ఉంటరు. అట్ల వచ్చిన పిల్లల మధ్య, పడుచోళ్ళ మధ్య ఉండి సేవ చేసుడే ఈ బీచ్ మిషన్.

హైదరాబాద్ నుండి సింగపూర్ మీదుగ పోయిన. సూట్‌కేస్‌ల అమ్మ పెట్టిన సకినాలు, చాయ్ పత్తి, ఇంకా నేను పట్టుబట్టి పెట్టుకున్న మూడొందల ఇంగ్లిష్ సువార్త కరపత్రాలు. సకినాలు ఎయిర్‌పోర్ట్‌ల ఫారం మీద రాసి చూపిచ్చిన, ఆఫీసరమ్మ ఒకటి చేతిల పట్టుకొని అటు ఇటు తిప్పి చూసి పొమ్మన్నది.

డిసెంబర్ 26, 2024, గురువారం

పొద్దున్నే బయలుదేరినం. అక్క వాళ్ళ ఇల్లు ఊరికి పడమర దిక్కు, బీచ్ మిషన్ జరిగే ఫిలిప్ దీవి ఆగ్నేయం దిక్కు, అంటే ఊరంత దాటి పోవాలె, రెండున్నర గంటలు పట్టింది. ఎండ మన రోహిణి కార్తె లెక్కనే ఉన్నది, గాలి సుత వేడి. గ్రాంపియన్స్ కొండలల్ల అడవి తగలబడుతుంది అని రేడియోల చెప్తనే ఉన్నరు. దారిపొంటి గడ్డి అంత ఎండి పసుపు రంగు, నాకు మా చందంపేట దిక్కు గుట్టలు యాదికొచ్చినయ్. శాన్ రెమో అనే చిన్న ఊరు కాడ పెద్ద బ్రిడ్జి ఎక్కి దిగితే దీవి. ఇంకొంచెం పోతే కౌస్, దీవిల పెద్ద ఊరు అదే. ఉత్తరం దిక్కు ఒడ్డు కాబట్టి నీళ్ళు చెరువు లెక్క నెమ్మదిగుంటయ్, చిన్న పిల్లలున్నోళ్ళంత ఇక్కడనే దిగుతరు.

మా టీం ఇరవై మందిమి. టెంట్లు కొట్టినం, షామియానా అంత పెద్ద టెంట్ ఒకటి లేపనీకే మూడు గంటలు పట్టింది, గాలికి రెండు సార్లు లేచిపోయింది, బావ తాడు గుంజి పట్టుకుంటే అరచేయి ఒరుసుకపోయింది.

సాయంత్రం మీటింగ్‌ల లీడరమ్మ (అరవై ఏండ్లుంటయ్, ముప్పై సంవత్సరాల నుండి వస్తుందట) ఒక్కొక్కరికి పని చెప్పింది. నా పేరు వచ్చినప్పుడు మెల్లగ అన్నది, నీ దగ్గర పిల్లలతో పని చేసేటోళ్ళకు ఇచ్చే కార్డు లేదు కద, అందుకని నువ్వు పిల్లల ప్రోగ్రాంల ఉండరాదు, కిచెన్ల ఉండు, రాత్రిపూట చాయ్ టెంట్‌ల పద్దెనిమిది దాటిన వాళ్ళతో కూసో అని. విక్టోరియా రాష్ట్రంల పిల్లలతో పని చేయాలంటే వాలంటీర్ అయినా సరే పోలీసు రికార్డులు అన్నీ చూసి ఇచ్చే ఆ కార్డు ఉండాలె, చట్టం. నాకు ఒక్కసారి కండ్లల్ల నీళ్ళు తిరిగినయ్. పదేండ్లు పిల్లలకే చెప్పిన, ఇంత దూరం వచ్చింది వాళ్ళ కోసమే కద అనిపిచ్చింది. టెంట్ల పండుకున్నంక అక్క ఒకటే మాట అన్నది, "మన చిన్నోన్ని తెల్వని వాళ్ళ చేతుల పెడితే నువ్వు అడగవా?" అని. అడుగుత. మన చర్చిలల్ల, మన హాస్టళ్ళల్ల కూడ ఇట్ల అడిగేటోళ్ళు ఉంటే ఎంత మంచిగుండు అని ఆ రాత్రంత అదే ఆలోచన.

డిసెంబర్ 27, శుక్రవారం

ఇరవై మందికి నాష్టా, అన్నం, రాత్రి భోజనం. ఉల్లిగడ్డలు కోసుడు, గిన్నెలు తోముడు, అంతే ఈ రోజు.

రూల్స్ రాసుకున్న, ఎందుకంటే మన యూత్ వాళ్ళు చదవాలె. ఒకటి, క్యాంప్ గ్రౌండ్ ఓనర్ పర్మిషన్ ఇస్తేనే మనం ఇక్కడ ఉన్నం, మనం అతిథులం. ఏ టెంట్‌కూ పోయి తలుపు తట్టినట్టు కరపత్రం ఇయ్యొద్దు. పిల్లలు రావాలంటే తల్లిదండ్రులు కాగితం మీద సంతకం పెట్టాలె. ఏ పెద్ద మనిషీ ఏ పిల్లతోనూ ఒంటరిగ ఉండరాదు, ఎప్పుడూ ఇద్దరు, అందరికి కనపడే జాగల. ఫొటోలు తీయొద్దు. ఇగో ఫొటోలు లేని కారణం ఇదే.

కరపత్రాల సంగతి నాకు మింగుడు పడలే. మేం గొల్లగట్టు జాతరల గాని, నల్లగొండ బస్టాండ్‌ల గాని కట్టలు కట్టలు పంచినోళ్ళం. అడిగిన. లీడరమ్మ కోపం చేయలే, "మీ ఊరి సంగతి నాకు తెల్వదు, ఇక్కడైతే కాగితం ఇస్తే వాళ్ళు తీస్కొని థాంక్యూ చెప్పి పోతరు, మల్ల మన దిక్కు రారు, చాయ్ ఇస్తే కూసుంటరు" అన్నది. సరే అని మూడొందలు సూట్‌కేస్‌లనే ఉంచిన.

రాత్రి తొమ్మిది వరకు వెలుగు ఉంటది ఇక్కడ. తొమ్మిదింటికి చాయ్ టెంట్ తెరిచినం, వైర్లకు చిన్న చిన్న బల్బులు, నాలుగు బల్లలు, క్యారమ్ బోర్డు (అక్క తెచ్చింది). అల్లం దంచి, యాలకులు ఏసి పెద్ద గిన్నెల చాయ్ పెట్టిన. ఇద్దరే వచ్చిన్రు. ఒక అమ్మాయి, ఆమె అన్న. సకినం చూసి ఇది ఎట్ల చేస్తరు అని అడిగింది, చేతితోని పిండి తిప్పుకుంట గుండ్రంగ ఎట్ల సుడతరో చూపిచ్చిన. అంతే, దేవుని గురించి ఒక్క మాట లేదు. పండుకునే ముందు వాళ్ళిద్దరి పేర్లు రాసుకొని ప్రార్థన చేసిన.

డిసెంబర్ 28, శనివారం

ఈ రోజు మర్చిపోను.

మెల్‌బోర్న్ గ్రౌండ్‌ల ఇండియా ఆస్ట్రేలియా టెస్ట్ నడుస్తుంది, క్యాంప్ గ్రౌండ్‌ల ఏ టెంట్ పక్క నుండి పోయినా రేడియో. మధ్యాహ్నం గిన్నెలు తోముతుంటే మూడో వరుస టెంట్ల దిక్కు నుండి తెలుగు ఇనపడ్డది. అది కూడ మామూలు తెలుగు కాదు, "ఒరేయ్ గట్ల ఆడొద్దని చెప్పుండ్రి రా వానికి" అని మన నల్లగొండ తెలుగు. చేతులు తుడుచుకోకుండనే పోయిన.

ఐదుగురు పిలగాండ్లు. మిర్యాలగూడ ఇద్దరు, సూర్యాపేట ఒకడు, కల్వకుర్తి ఒకడు, అచ్చంపేట ఒకడు. మాస్టర్స్ చదువుకుంట పార్ట్‌టైం జాబులు చేస్తున్రు, కార్ కిరాయికి తీస్కొని మూడు రోజుల కోసం వచ్చిన్రు. "అక్కా మీరు మన దిక్కేనా!" అని కుర్చీ తెచ్చి ఏసిన్రు. అప్పటికి నితీష్ కుమార్ రెడ్డి ఆడుతున్నడు, మన వైజాగ్ పిలగాడు. బుమ్రా అవుటయ్యేసరికి నితీష్ 99 మీద ఉన్నడు, ఆఖరి వికెట్‌కు మన హైదరాబాద్ సిరాజ్ వచ్చిండు, కమిన్స్ బాల్స్ ఇంక మూడు ఆపాలె. ఎవ్వరికీ ఊపిరి లేదు. నేను కూడ దేవా దేవా అనుకున్న. మూడూ ఆపిండు సిరాజ్. అవతలి ఓవర్ల బోలాండ్‌ను కొట్టి నితీష్ వంద చేసిండు, ఫోన్‌ల వాళ్ళ నాయన ఏడుస్తుంటే చూపిచ్చిన్రు, ఇక్కడ మా సూర్యాపేట పిలగాడు కూడ ఏడ్చిండు. పక్క టెంట్ల తెల్ల పిలగాండ్లు ఆస్ట్రేలియా టీషర్టులు ఏసుకొని ఉన్నోళ్ళు లేచి చప్పట్లు కొట్టిన్రు, వచ్చి చేతులు కలిపిన్రు. రెండు టెంట్లు ఒకటైనయ్ ఆ అరగంటల.

రాత్రికి పిలిచిన, చాయ్ టెంట్‌కు రండ్రి, సకినాలున్నయ్ అని. ఐదుగురు వచ్చిన్రు, వాళ్ళెంబడి ఆ తెల్ల పిలగాండ్లు నలుగురు వచ్చిన్రు. కూసున్నంక రేపేం ప్లాన్ అని అడిగిన. కల్వకుర్తి పిలగాడు అన్నడు, ఫారెస్ట్ కేవ్స్ అని మస్తు ప్లేస్ ఉన్నదంట అక్కా, గుహలు, ఫొటోలకు సూపర్ ఉంటదంట, అక్కడనే నీళ్ళల్ల దిగి స్నానం చేద్దాం అనుకుంటున్నం.

మా టీంల ఒక అమ్మాయి లైఫ్‌సేవర్, అంటే సముద్రం ఒడ్డున మునిగిపోయేటోళ్ళను కాపాడే వాలంటీర్. ఫారెస్ట్ కేవ్స్ పేరు వినంగనే ఆమె చేతుల కప్పు కింద పెట్టింది. ఆ జాగల కాపలా ఉండదు. 2024 జనవరిలో అక్కడనే మన దేశపోళ్ళు నలుగురు ఒకేసారి మునిగి చనిపోయిన్రు. ఆమె ఇంగ్లిష్‌ల చెప్తుంటే నేను తెలుగుల చెప్పిన. వాళ్ళకు ఇంగ్లిష్ రాదని కాదు, అక్క నోట్లకెళ్ళి తెలుగుల వస్తే ఆ మాటకు బరువు వేరే ఉంటది.

ఆమె చెప్పింది నాకు అర్థమైనంత రాస్త, ఎందుకంటే మన పిల్లలు ఎంతమందో ఆ దేశంల ఉన్నరు. అలలు ఒడ్డుకు వచ్చి పడ్డ నీళ్ళు తిరిగి సముద్రంలకు పోవాలె కద, ఆ నీళ్ళన్ని ఒక జాగల కూడి కాల్వ లెక్క లోపలికి గుంజుకుంట పోతయ్, దాన్ని రిప్ అంటరు. పైనుంచి చూస్తే మనకు మోసం, రెండు దిక్కుల తెల్లగ అలలు విరుగుతుంటయ్, నడుమ ఒక పట్టీ నల్లగ, నిమ్మళంగ ఉంటది. ఈత రానోడు ఇక్కడనే మంచిగున్నదని ఆ నిమ్మళం కాడనే దిగుతడు. దిగినంక ఒడ్డు దిక్కే ఈదుదాం అని కొట్టుకుంటే సత్తువ అయిపోతది. కొట్టుకోవద్దు, వెల్లకిల తేలాలె, చేయి పైకెత్తి పిలవాలె, ఈత వచ్చినోడైతే ఒడ్డు ఎంబడి పక్కకు ఈదాలె. అన్నిటికంటే ముందు, ఎర్ర పసుపు జెండాలు రెండు పాతి ఉంటయ్, వాటి నడుమనే దిగాలె. జెండాలు లేవా, దిగొద్దు. ఎవరన్న మునుగుతున్నరా, వెంట దూకొద్దు, 000కు ఫోన్ చేయాలె, తేలే వస్తువు ఏదన్న ఇసరాలె.

మిర్యాలగూడ పిలగాడు నవ్విండు, "అక్కా మేం సాగర్ ఎడమ కాల్వల ఈత నేర్చుకున్నోళ్ళం" అని.

అప్పుడు చెప్పిన. నేను తొమ్మిదో తరగతిల ఉన్నప్పుడు మా చిన్నమ్మ కొడుకు అదే ఎడమ కాల్వల పోయిండు. వానికి ఈత మస్తు వస్తుండె. దోస్తు మునుగుతుంటే దూకిండు, దోస్తు బతికిండు, వీడు రెండో రోజు దొరికిండు. నేను ఎవ్వరికీ ఎక్కువ చెప్పను ఈ సంగతి, కాని ఆ రాత్రి చెప్పకుంటే దేవుడు నన్ను అడుగుతడు అనిపిచ్చింది. "తమ్మీ, మీ అమ్మ ఫోన్ ఎత్తేటప్పుడు నీ గొంతే ఉండాలె" అన్న. ఎవ్వరూ నవ్వలే ఇగ. పక్క టెంట్ పిలగాండ్లు సుత ఏం చెప్తుంది అని అడిగి, అర్థం చేపిచ్చుకొని, వాళ్ళు కూడ చుప్‌గ అయిన్రు. వాళ్ళల్ల ఒకడన్నడు, మాకు ఇవన్నీ ఐదేండ్ల వయసుల స్కూల్ల నేర్పిస్తరు, మీకు ఎవ్వరూ చెప్పలేదా అని. వీళ్ళకు ఎవరు చెప్పాలె? కన్సల్టెన్సీ వాడు చెప్తడా, వీసా పేపర్ల ఉంటదా?

డిసెంబర్ 29, ఆదివారం

గడ్డి మీదనే ఆరాధన. సముద్రం కనపడుతుంది, గిటార్ ఒకటి, నలభై మంది దాక వచ్చిన్రు, సగం మంది చేతుల కాఫీ కప్పులు. నన్ను తెలుగుల ప్రార్థన చేయమన్నరు. చేసిన. ఐదుగురిల ఇద్దరు వచ్చి వెనక నిలబడ్డరు, ఒకడు చెప్పులిడిచి.

రాత్రి గిన్నెలు తోమే కాడ ఒకటి జరిగింది. క్యాంప్ కిచెన్ల అందరికి కలిపి పెద్ద సింకులు ఉంటయ్, నేను చాయ్ గిన్నె తోముతుంటే నిన్న వచ్చిన తెల్ల పిలగాండ్లల్ల ఒకడు, పందొమ్మిది ఏండ్లుంటయ్, ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం, తువ్వాల తీస్కొని తుడుసుడు మొదలుపెట్టిండు. కొంచెంసేపు ఏం మాట్లాడలే. తర్వాత అడిగిండు. "ఏమనుకోకు. ఈ మతం మీకు తెల్లోళ్ళే కద తెచ్చిచ్చింది. మా ఇంట్ల మా తాత కాలం నుండే చర్చి బంద్ అయింది. మేం ఇడిచిపెట్టిన దాన్ని మీరు మల్ల మాకు తెచ్చిస్తున్రు, ఎందుకు?"

మర్యాదగనే అడిగిండు, నిజంగ తెలుసుకోవాలని అడిగిండు. నా దగ్గర బైబిల్ ట్రైనింగ్‌ల నేర్పిన జవాబులు ఉన్నయ్ గాని అవి చెప్పబుద్ధి కాలే. మా ముత్తవ్వ గురించి చెప్పిన.

1890ల అబ్రహాం ఫ్రీసెన్ అనే ఆయన నల్లగొండకు వచ్చిండు, ఇప్పటి ఉక్రెయిన్ ఉన్న దిక్కు నుండి, అప్పుడది రష్యా రాజుల కింద ఉండె. ఆయన మెన్నోనైట్ బ్రదరెన్ మనిషి, అమెరికా బాప్టిస్టులతో కలిసి పని చేసిండు. తర్వాత తర్వాత మా దేవరకొండల, నాగర్‌కర్నూల్ల, వనపర్తిల, గద్వాలల మిషన్ కాంపౌండ్లు లేచినయ్. మా ముత్తవ్వ మాదిగ వాడల పుట్టింది. ఊరి బావి కాడ ఆమె నీళ్ళు చేదుకోరాదు, ఎవరన్న పోస్తే దోసిలి పట్టి తాగాలె. ఊరు నడుమకెళ్ళి చెప్పులేసుకొని నడవరాదు. బడి అన్న మాటే లేదు. కందిలి పెట్టి రాత్రి పూట అక్షరాలు చెప్తున్నరంటే పోయింది, ముప్పై ఏండ్ల వయసుల అ ఆ లు దిద్దింది. కుంటల బాప్తిస్మం తీసుకుంది. మా నాయనమ్మ చెప్తుండె, ఆమెకు బైబిల్ల అన్నిటికంటే ఇష్టమైన కథ బావి కాడ సమరయ స్త్రీ (యూదులు దూరం పెట్టిన జాతి ఆమెది) కథ అని. ఎందుకంటే ఆడ యేసు ప్రభువు ఆమెను నీళ్ళు అడిగి తాగుతనంటడు, ఆమె కులం ఎంచకుండ.

ఇది చెప్పి అన్న, "తెచ్చినోళ్ళ రంగు మా ముత్తవ్వ చూడలే. నీళ్ళు ఎవరు అడిగిన్రు అన్నదే చూసింది. ఆ తెచ్చినోళ్ళు అన్నీ మంచే చేసిన్రు అని కూడ నేను అనను, కాని ఆ కథ ఆమెకు సొంతం, నాకు సొంతం. నువ్వు ఇడిచిపెట్టినవ్ అంటున్నవ్ గాని నీకు అసలు ఎవరన్న చెప్పిన్రా?"

చాలాసేపు తువ్వాల పట్టుకొనే ఉన్నడు. లేదు, క్రిస్మస్ పాటలు తప్ప ఏం తెల్వదు అన్నడు. ఆ బావి కథ మొత్తం చెప్తవా అని అడిగిండు. సింకు కాడనే, లైట్ కింద పురుగులు తిరుగుతుంటే, నిలబడే చెప్పిన. లీడరమ్మ దూరంకెళ్ళి చూసుకుంట ఉన్నది, రాలే, మమ్మల్ని వదిలిపెట్టింది. చాయ్ ఇస్తే కూసుంటరు అన్న మాటకు అర్థం నాకు అప్పుడు దొరికింది. అడిగినోనికి చెప్తే ఒక్క మాట కూడ కింద పడది.

డిసెంబర్ 30, సోమవారం

ఇండియా ఓడిపోయింది. మన పిలగాండ్లు మూడు రోజుల కోసం వచ్చినోళ్ళు, టెంట్ ఇంకో రెండు రోజులు పెంచుకున్నరు.

పొద్దుగాల ఒడ్డు మీద ఇసుక పోటీ, తల్లిదండ్రులు పక్కన ఉంటరు కాబట్టి నన్ను కూడ రమ్మన్నరు. మొదలుపెట్టే ముందు లీడరమ్మ ఒక సంగతి చెప్పింది. ఈ బీచ్ మిషన్ అనేది 1868ల మొదలైందట, వేల్స్ దేశంల లాండుడ్నో అనే ఊరి సముద్రం ఒడ్డున. జోసయ్య స్పియర్స్ అనే ఆయన సెలవులకు పోయి, పిల్లలు ఆడుకుంటుంటే ఇసుకల పెద్ద పెద్ద అక్షరాలతోని "దేవుడు ప్రేమ" అని గీసి, వాటిని అలంకరించుడు పిల్లలకే ఇచ్చిండట. పిల్లలు గవ్వలు, సముద్రపు పాచి ఏరుకొచ్చి పేర్చిన్రు. అంతే, అట్లనే మొదలు. మేం కూడ అదే చేసినం, ఎవరి భాషల వాళ్ళు. నేను తెలుగుల గీసిన, "దేవుడు ప్రేమ". చైనా అమ్మాయి ఒకామె పక్కన వాళ్ళ భాషల గీసింది. ఆరేండ్ల పిల్ల ఒకతి వాళ్ళమ్మ చెయ్యి పట్టుకొని వచ్చి నా "ప్రే" అక్షరం కిందున్న రావత్తును చూసి, ఇది వల లెక్క కిందికెళ్ళి పట్టుకున్నది అన్నది. నేను ఇన్నేండ్లు ఆ అక్షరాన్ని అట్ల చూడలే. గవ్వలు పేర్చినం, పదకొండున్నరకు నీళ్ళు వచ్చి "దే" ముందు తీస్కపోయినయ్.

సాయంత్రం అక్కావాళ్ళతోని పెంగ్విన్లు చూడనీకి పోయినం. అడుగు ఎత్తు పక్షులు, పొద్దు గుంకినంక గుంపులు గుంపులుగ నీళ్ళల్లకెళ్ళి ఒడ్డెక్కి గూళ్ళకు పోతయ్. అక్కడ కూడ ఫొటో తీయొద్దు, వెలుగు పడితే బెదురుతయ్. మంచిగనే ఉన్నయ్, కాని నా మనసు చాయ్ టెంట్ మీదనే ఉన్నది.

డిసెంబర్ 31, మంగళవారం

మన దిక్కు ఈ రోజు ఎట్లుంటదో తెలుసు కద, వాచ్‌నైట్ సర్వీసు (ఏడాది ఆఖరి రాత్రి చర్చిల ప్రార్థన), పన్నెండు కొట్టంగనే వాగ్దాన కార్డు, అంటే బైబిల్ మాట ఒకటి రాసిన కార్డు, తీసుకునుడు. ఇక్కడోళ్ళకు వాగ్దాన కార్డు సంగతి తెల్వదు. లీడరమ్మను అడిగిన, కార్డులు రాసి పెడత, ఎవరికన్న కావాలంటేనే తీస్కుంటరు, చేతిల పెట్టను అని. సరే అన్నది.

పొద్దంత కూసొని నూట ఇరవై కార్డులు రాసిన. ఒక దిక్కు ఇంగ్లిష్, ఇంకో దిక్కు తెలుగు. మిర్యాలగూడ, అచ్చంపేట పిలగాండ్లు వచ్చి మేం రాస్తం అక్కా అన్నరు. వాళ్ళు హిందువులు, ఒకనికి పోయిన ఏడాది సలేశ్వరం పోయొచ్చిన దారం ఇంక చేతికే ఉన్నది. మీకు ఇబ్బంది అయితే వద్దు అన్న. ఇబ్బందేంది అక్కా, తెలుగు రాయక సంవత్సరమైంది, చేతి రాత పోతుంది అన్నడు. బల్ల మీద నాలుకలు బయటపెట్టి చిన్నపిల్లల లెక్క రాసిన్రు. వత్తులు తప్పులు పోతే దిద్దిన. వాళ్ళను క్రైస్తవులను చేయాలని నేను ఆ బల్ల మీద ఏ ఎత్తూ ఏయలే. నా ప్రభువును దాచుకోలే, వాళ్ళ దారాన్ని తక్కువ చేసి మాట్లాడలే. ఎవరి కోసం ప్రార్థన చేసినా వాళ్ళను అడిగే చేసిన, ఆ ఐదుగురూ చేయి అక్కా అనే అన్నరు.

రాత్రి పదకొండు దాటంగనే చాయ్ టెంట్‌ల జాగ లేదు. బీర్ డబ్బాలు చేతుల పట్టుకొని వచ్చినోళ్ళు కూడ ఉన్నరు, బయట పెట్టి లోపలికి వచ్చిన్రు. ఆరు గిన్నెల చాయ్ పోయింది. పన్నెండు కొట్టినంక బుట్ట బల్ల మీద పెట్టి, మా ఊర్ల కొత్త సంవత్సరం రాత్రి ఇట్ల ఒక మాట తీస్కుంటం అని మాత్రం చెప్పిన. ఒక్కొక్కరు వచ్చిన్రు. మొదటి రోజు వచ్చిన అమ్మాయికి యెషయా 43 వచ్చింది, నీళ్ళల్లకెళ్ళి దాటుతున్నప్పుడు నీకు తోడుంట అనే మాట. ఆమె చదివి, మల్ల చదివి, బయటికి పోయి కూసున్నది. చనిపోయిన వాళ్ళ నాయన గురించి ఆ రాత్రి రెండింటిదాక చెప్పింది, నేనూ లైఫ్‌సేవర్ అమ్మాయి ఇద్దరం పక్కన కూసొని విన్నం. ఆమె చెప్పింది ఆమె సొంతం, ఇక్కడ రాయను.

మనకు వాళ్ళకు ఐదున్నర గంటల తేడా. అక్కడ పన్నెండు అయితే దేవరకొండల సాయంత్రం ఆరున్నర. అమ్మకు ఫోన్ చేస్తే చర్చికి పోనీకి పూలు కడుతుంది. "నీకేం వాగ్దానం వచ్చిందే" అని అడిగింది. నేను తీసుకుందామని చూస్తే బుట్ట ఖాళీ.

జనవరి 1, బుధవారం

పిలగాండ్లు కేప్ వులమై పోయిన్రు, అక్కడ అలలు పెద్దవి గాని లైఫ్‌సేవర్లు ఉంటరు. పక్క టెంట్ పిలగాండ్లు తోడు పోయిన్రు, ఇది ముందే మాట్లాడుకున్నరట. పదకొండింటికి ఫొటో వచ్చింది, రెండు జెండాలు, నడుమ తొమ్మిది మంది, మోకాళ్ళ లోతు నీళ్ళల్ల. కింద "జెండాల నడుమనే అక్కా" అని. మధ్యాహ్నం వరకు ఇంకో మూడు ఫొటోలు పెట్టిన్రు, అన్నిట్ల జెండాలు కనపడాలని పక్కకు జరిగి తీసిన్రు. నేను కిచెన్ల నిలబడి స్తోత్రం ప్రభువా అనుకుంట ఆలుగడ్డలు చెక్కు తీసిన.

రాత్రి సింకు కాడి పిలగాడు వచ్చి, ఆ బావి కథ ఎక్కడుంటదో రాసియ్యమన్నడు. యోహాను 4 అని రాసిచ్చిన. ముత్తవ్వ పేరేంది అని అడిగిండు. చెప్పిన. పలకమంటే మూడు సార్లకు సరిగ పలికిండు.

జనవరి 2, గురువారం

టెంట్లు పీకినం. పెద్ద టెంట్ ఉన్న జాగల గడ్డి తెల్లగ అయిపోయి చతురస్రం గీసినట్టున్నది. చాయ్ గిన్నె అడుగు మాడింది, ఇసుకతోని రుద్దితే గాని పోలే. మిగిలిన చాయ్ పత్తి, యాలకులు లీడరమ్మకు ఇచ్చి, ఎట్ల పెట్టాలో కాగితం మీద రాసిచ్చిన, నీళ్ళు పాలు సగం సగం, అల్లం ముందు, చక్కెర ఆఖరికి. వచ్చే ఏడాది కార్డు కోసం ఇప్పటినుంచే అడిగి పెడ్త, నువ్వు రావాలె అన్నది ఆమె.

కార్ల పోతుంటే పాస్టరయ్యగారు ఫోన్ చేసిండు. "ఏమ్మా, ఎంతమంది నిర్ణయం తీసుకున్రు?" అని అడిగిండు, అంటే యేసును నమ్ముకుంటమని ఎంతమంది చేయి ఎత్తిన్రు అని. ప్రేమతోనే అడిగిండు, రిపోర్టు చర్చిల చదవాలె కద. ఒక్కరు కూడ చేయి ఎత్తలే అయ్యగారూ, ఎత్తమని మేము అడగలే, నా దగ్గర పద్నాలుగు పేర్లు ఉన్నయ్ అని చెప్పిన. కొంచెంసేపు ఆగి, "అయితే రేపు ఉపవాస ప్రార్థనల ఆ పేర్లు చదువుదాం, పంపు" అన్నడు.

బ్రిడ్జి దాటినంక పేర్లు టైప్ చేసిన. తెలుగుల రాసి చూసుకుంటే తొమ్మిది పేర్లు మన అమ్మలు పలకలేరు అనిపిచ్చింది. అందుకని ఒక్కొక్క పేరు మెల్లగ, రెండేసి సార్లు పలికి, వాయిస్ రికార్డు చేసి పంపిన.